చిన్న ఆన్‌లైన్ షాపుకి అఫిలియేట్ ప్రోగ్రాం: కమీషన్ ఎంత పెట్టాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

సిరాచుక్క
అందరికీ నమస్తే. చేత్తో కుట్టిన నోటుపుస్తకాలు, ఫౌంటెన్ పెన్నులు, ఇంకులు అమ్మే చిన్న ఆన్‌లైన్ షాపు మాది. సొంత సైటు, వూకామర్స్ (వర్డ్‌ప్రెస్ సైటులో షాపు నడిపే సాఫ్ట్‌వేరు) మీద నడుస్తోంది. నేనూ మా చెల్లీ కలిసి చూసుకుంటాం. ప్రకటనల ఖర్చు పెరుగుతూ పోతోంది, అమ్మకాలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. అందుకని అఫిలియేట్ ప్రోగ్రాం పెడదామనుకుంటున్నాం. ఎవరి లింకు మీద ఆర్డరు వస్తే వాళ్లకి, అంటే ఆ అఫిలియేట్‌కి, కమీషన్. అమ్ముడైతేనే డబ్బు ఇస్తాం కాబట్టి నష్టం ఉండదు కదా అని మా ఆలోచన.

దీనికోసం సైటుకి తగిలించుకునే ప్లగిన్లలో ఏది మంచిది? షాపులనీ అఫిలియేట్లనీ కలిపే నెట్‌వర్క్‌లో చేరాలా, సొంతంగా నడుపుకోవాలా? మాలాంటి ఇంకో షాపు 20 శాతం ఇస్తోంది, మేమూ అంతే ఇద్దామనుకుంటున్నాం. దాంతోపాటు కొనేవాళ్లకి 10 శాతం తగ్గింపు కోడ్. సరిపోతుందా?

నైట్‌డ్యూటీ
20 శాతమా! మాకూ ఒక లింకు పడేయండి మేడమ్ :)

లెక్కలపుస్తకం
ప్లగిన్ సంగతి తర్వాత చూద్దాం. "అమ్ముడైతేనే ఇస్తాం కాబట్టి నష్టం లేదు" అన్నారే, ముందు దాన్ని తేల్చుకోవాలి. అమ్ముడైన ప్రతిసారీ నష్టం వచ్చేలా కూడా ప్రోగ్రాం పెట్టొచ్చు. చాలామంది తెలియకుండానే పెడతారు.

మీ వస్తువు ధర 100 అనుకోండి. తయారీకి 50, ప్యాకింగు, కొరియరు కలిపి 12, పేమెంట్ గేట్‌వేకి 2, రిటర్నులకీ డ్యామేజీలకీ 3. మీకు మిగిలేది 33. ఇక్కడిదాకా బాగానే ఉంది.

ఇప్పుడు కొనేవాళ్లకి 10 శాతం తగ్గించారు. చేతికి వచ్చేది 90. దాని మీద అఫిలియేట్‌కి 20 శాతం, అంటే 18. ఖర్చులు 67 ఎలాగూ ఉన్నాయి. 90లోంచి 67, 18 తీసేస్తే 5 మిగిలింది. ఇదే ప్రోగ్రాం నెట్‌వర్క్‌లో పెట్టి, వాళ్లు మీరిచ్చే కమీషన్‌ మీద అదనంగా 30 శాతం తీసుకుంటే ఇంకో 5.4 పోతుంది. అంటే ఆర్డరు వచ్చిన ప్రతిసారీ 0.4 మీ జేబులోంచే వేస్తున్నారు. ఎంత ఎక్కువ అమ్మితే అంత నష్టం.

ఇవి నేను వేసుకున్న అంకెలు. మీవి వేరుగా ఉంటాయి. అవి వేసి చూపించండి, అప్పుడు మాట్లాడదాం.

సిరాచుక్క
లెక్క చూసి కాస్త టెన్షన్ వచ్చింది. నోటుపుస్తకాలకి మెటీరియల్ 42 దాకా అవుతుంది. మిగతావి మీరు చెప్పినట్టే దాదాపు. అయితే పెన్నులు మేం చేసేవి కాదు, బయటి కంపెనీలవి తెచ్చి అమ్ముతాం. వాటి మీద మిగిలేది చాలా తక్కువ.

లెక్కలపుస్తకం
ఆ 42లో మీరూ మీ చెల్లెలూ కుట్టే టైముకి కూలీ కట్టారా?

సిరాచుక్క
లేదండీ.

లెక్కలపుస్తకం
కట్టండి. రేపు ఆర్డర్లు రెట్టింపైతే మనిషిని పెట్టుకోవాల్సిందే. అప్పుడు ఆ ఖర్చు ఎక్కడినుంచో కొత్తగా ఊడిపడదు, ఇప్పుడూ ఉన్నదే, కనిపించడం లేదంతే.

ఇంకోటి, అన్నిటికీ ఒకటే కమీషన్ పెట్టకండి. నోటుపుస్తకాలకి ఒక రేటు, ఇంకులకి ఒకటి, పెన్నులకి బాగా తక్కువ. అమెజాన్ కూడా కేటగిరీని బట్టే ఇస్తుంది. మీ నోటుపుస్తకాలకి 12, ఇంకులకి 8, పెన్నులకి 3 లేదా 4 నుంచి మొదలుపెట్టొచ్చు. కమీషన్ లెక్కించేది పన్ను, కొరియరు ఛార్జీ, డిస్కౌంటు తీసేసిన తర్వాత మిగిలిన మొత్తం మీద. ఈ వాక్యం నిబంధనల్లో స్పష్టంగా ఉండాలి.

తక్కువలో మొదలుపెట్టి పెంచితే అందరూ సంతోషిస్తారు. ఎక్కువలో మొదలుపెట్టి తగ్గిస్తే మొహం చూపించలేరు. 2020 ఏప్రిల్‌లో అమెజాన్ అమెరికాలో కొన్ని కేటగిరీల కమీషన్‌ని ఒక్కసారిగా కోసేసింది. ఫర్నిచరుకి 8 శాతం ఉన్నది 3 అయింది. వాళ్లు కాబట్టి తట్టుకున్నారు, మనలాంటి షాపులైతే అఫిలియేట్లు మర్నాడే లింకులు పీకేస్తారు.

లింకుబండి
నేను అవతలి పక్క మనిషిని. స్టేషనరీ, ఆఫీసు సామాన్ల మీద బ్లాగు రాస్తాను, అఫిలియేట్ కమీషన్లే నా ఆదాయంలో పెద్ద భాగం. లెక్కలపుస్తకం గారు చెప్పినదంతా నిజమే గానీ మా వైపునుంచి కూడా కాస్త చూడండి.

రేటు ఒక్కటే చూసి మేం చేరం. మాకు కావాల్సింది, వంద మందిని పంపితే ఎంతమంది కొంటున్నారు, కొన్నదానికి డబ్బు టైముకి వస్తోందా అన్నది. 20 శాతం ఇస్తామని చెప్పి, పేజీ తెరుచుకోడానికే ఏడు సెకన్లు పట్టే షాపుకంటే 8 శాతం ఇచ్చి చకచకా అమ్ముడయ్యే షాపే నాకు ముద్దు. ఒక షాపువాళ్లు (పేరెందుకులెండి) నేను రివ్యూ రాసిన వస్తువుని సైటులోంచి తీసేసి ఆ పేజీని అలాగే వదిలేశారు. నెలల తరబడి నా పాఠకులు నొక్కితే "పేజీ దొరకలేదు" అని వస్తోంది. నాకు ఒక్క మెయిలు లేదు. స్టాకు అయిపోతే చెప్పండి, కనీసం అలాంటి ఇంకో వస్తువు పేజీకి మళ్లించండి.

కుకీ గడువు గురించి కూడా. కుకీ అంటే ఎవరి లింకు మీద వచ్చారో కొనేవాళ్ల బ్రౌజరులో రాసిపెట్టే గుర్తు, అది ఉన్నన్నాళ్లే కమీషన్. అమెజాన్ కుకీ 24 గంటలే, అయినా అందరూ చేరతారు. ఎందుకంటే నా లింకు మీద వెళ్లినవాళ్లు ఆ లోపల అక్కడ దాదాపు ఏం కొన్నా ఎంతో కొంత నాకు వస్తుంది. మీ దగ్గర ఉన్నవి కొద్ది వస్తువులు, అవీ ఆలోచించుకుని కొనేవి. 30 రోజులన్నా ఇవ్వండి.

కోడ్‌కూలీ
@లింకుబండి 30 రోజులని రాసుకోవడం తేలికే, బ్రౌజరు ఒప్పుకోవాలిగా.

సఫారీ 2017 నుంచి ట్రాకింగ్ కుకీలని కట్టడి చేస్తోంది. 2019 నుంచి జావాస్క్రిప్ట్ ద్వారా పెట్టిన కుకీలని, అవి మన సొంత సైటువైనా సరే, ఏడు రోజులకే చెరిపేస్తోంది. 2020 మార్చి నుంచి బయటి డొమైన్ల కుకీలని పూర్తిగా ఆపేసింది. క్రోమ్ కూడా ఆపేస్తానని చాన్నాళ్లు చెప్పి 2024లో వెనక్కి తగ్గింది. సిరాచుక్క గారూ, దీని అర్థం ఏంటంటే, ప్లగిన్ కుకీని జావాస్క్రిప్ట్‌తో పెడుతోందా, మీ సర్వరు పెడుతోందా అన్నది చూసుకోవాలి. మీ సర్వరే పెడితే సాధారణంగా ఆ ఏడు రోజుల గొడవ ఉండదు.

ఇక్కడే ఇంకో చిక్కుంది. సైటు వేగంగా ఉండాలని క్యాషింగ్ ప్లగిన్ పెట్టుకుని ఉంటారు. అది దాచిపెట్టిన పేజీని అలాగే ఇచ్చేస్తుంది కాబట్టి సర్వరులో కోడు నడవదు, కుకీ పడదు. లింకు చివర రెఫ్ అనే పారామీటరు (ఎవరు పంపారో చెప్పే ముక్క) ఉన్న అడ్రసులని క్యాషింగ్ నుంచి మినహాయించండి. అలాగే డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ లేని అడ్రసునుంచి ఉన్న అడ్రసుకి మళ్లించేటప్పుడు కొన్ని సైట్లలో ఆ పారామీటరు రాలిపోతుంది. అఫిలియేట్ పంపుతూనే ఉంటాడు, డాష్‌బోర్డులో సున్నా. మిమ్మల్ని దొంగలనుకుంటాడు.

సిరాచుక్క
మా వాళ్లలో ఎక్కువమంది ఇన్‌స్టాగ్రామ్ నుంచి వస్తారు. అక్కడ ఇది ఎలా పనిచేస్తుంది?

కోడ్‌కూలీ
సగం పనిచేయదు. ఇన్‌స్టాగ్రామ్‌లో లింకు నొక్కితే ఆ యాప్ లోపలి బ్రౌజరులోనే తెరుచుకుంటుంది. కుకీ అక్కడే పడుతుంది. సాయంత్రం తీరిగ్గా ఫోనులో క్రోమ్‌లోనో, ల్యాప్‌టాప్‌లోనో వచ్చి కొంటారు. అక్కడ ఆ కుకీ లేదు. అందుకే రీళ్లు, వీడియోలు చేసేవాళ్లకి లింకుతోపాటు సొంత కూపన్ కోడ్ ఇవ్వాలి. కోడ్ కొడితే చాలు, కుకీ ఉన్నా లేకపోయినా ఆర్డరు వాళ్ల ఖాతాలోకి వెళ్తుంది. ఇప్పుడున్న ప్లగిన్లలో ఈ సౌకర్యం మామూలే. అఫిలియేట్‌డబ్ల్యూపీలో ఉంది, స్లైస్‌డబ్ల్యూపీలో ఉంది. ఏది తీసుకున్నా పెద్ద తేడా రాదు, ఈ పని చేస్తుందా లేదా చూసుకుని తీసుకోండి.

పాతకాపు
కోడ్ అనగానే రావలసినవాడిని వచ్చాను :)

కోడ్‌లు కారిపోతాయి. మీరు ఒక యూట్యూబరుకి కోడ్ ఇస్తారు. అది కూపన్ సైటు ఎక్కుతుంది. ఆ తర్వాత ఆ యూట్యూబరు పేరు కూడా వినని వాళ్లు అదే కోడ్ కొట్టి కొంటారు. మీరు తగ్గింపూ ఇస్తారు, కమీషనూ ఇస్తారు, తెచ్చింది మాత్రం ఎవరూ కాదు.

అసలు జరిగేది ఎలా ఉంటుందో చూడండి. లింకుబండి గారి రివ్యూ చదివి ఒకావిడ మీ షాపుకి వచ్చింది. నోటుపుస్తకం బుట్టలో వేసింది. చెకౌట్‌కి వెళ్లగానే "కూపన్ కోడ్ ఇక్కడ ఇవ్వండి" అని నిలువెత్తు పెట్టె. అప్పటిదాకా డిస్కౌంటు ఊసే లేని మనిషికి, నాకు తప్ప అందరికీ కూపన్ ఉన్నట్టుందే అనిపిస్తుంది. ఇంకో ట్యాబు తెరిచి మీ షాపు పేరు, పక్కన కూపన్ అని వెతుకుతుంది. కూపన్ సైటు వస్తుంది. "కోడ్ చూపించు" నొక్కగానే వాళ్ల అఫిలియేట్ లింకు వెనకాల తెరుచుకుంటుంది. తిరిగి వచ్చి కొంటుంది. చివరి క్లిక్కుకే కమీషన్ అని మీ రూలు. కష్టపడి రివ్యూ రాసిన మనిషికి సున్నా, తలుపు దగ్గర నిలబడినవాడికి మొత్తం.

బ్రౌజరు ఎక్స్‌టెన్షన్లదీ ఇదే గోల. కూపన్లు వెతికిపెట్టే హనీ అనే ఎక్స్‌టెన్షన్‌ మీద 2024 డిసెంబరులో వచ్చిన ఆరోపణ ఇదే, చెకౌట్ దగ్గర ఇతరుల అఫిలియేట్ గుర్తుని తీసేసి తనది పెట్టుకుంటోందని. ఆ తర్వాత 2025 మార్చిలో గూగుల్ క్రోమ్ ఎక్స్‌టెన్షన్ల నిబంధనలు మార్చింది. కొనేవాళ్లకి ఏ ప్రయోజనమూ ఇవ్వకుండా అఫిలియేట్ కోడ్ చొప్పించకూడదని.

సిరాచుక్క
మరి ఏం చేయాలి? కూపన్ పెట్టె తీసేయాలా?

పాతకాపు
పూర్తిగా తీసేయక్కర్లేదు. "కోడ్ ఉందా?" అని చిన్న లైను పెట్టి, నొక్కితేనే పెట్టె తెరుచుకునేలా చేయండి. అఫిలియేట్ లింకు మీద వచ్చినవాళ్లకి తగ్గింపు దానంతట అదే పడేలా పెట్టండి, ఇక వెతుక్కునే పనుండదు. కూపన్ సైట్లని ప్రోగ్రాంలో చేర్చుకోవద్దు. నిబంధనల్లో రాయండి: "ఈ కోడ్ మీ సొంత పేజీల్లో, వీడియోల్లోనే వాడాలి. కూపన్ సైట్లలో కనిపిస్తే కోడ్ మార్చేస్తాం." నెలకోసారి మీ షాపు పేరు పక్కన కూపన్ అని వెతికి చూసుకోండి.

నైట్‌డ్యూటీ
లింకు ఒకరిది, కోడ్ ఇంకొకరిది అయితే? ఇద్దరూ నాదే అంటే?

పాతకాపు
మంచి ప్రశ్న వేశావు తమ్ముడూ, రాత్రి డ్యూటీలో నిద్రపోవట్లేదన్నమాట. చిన్న షాపుకి నా ఓటు కోడ్‌కే. కోడ్ కొట్టినవాడు ఆ మనిషి మాట విని కొడుతున్నాడు, కుకీ అయితే పొరపాటున నొక్కినా పడుతుంది. ఏది పెట్టినా ఒకటే పెట్టండి, ముందే రాసిపెట్టండి. గొడవ వచ్చాక రాస్తే ఎవరూ నమ్మరు.

లింకుబండి
నేను ఒప్పుకోను. కోడ్‌కే పెద్దపీట వేస్తే, రాసి వివరించే మాలాంటివాళ్లు పోతారు, పది సెకన్ల రీలులో కోడ్ అరిచినవాళ్లు మిగులుతారు. నా వ్యాసం చదివి నెల్లాళ్లు ఆలోచించి కొనేవాళ్లు ఉన్నారు.

పాతకాపు
మీ బాధ అర్థమైంది. అందుకే మీకూ కోడ్ ఇవ్వాలి అంటున్నా. వ్యాసంలో కోడ్ పెట్టుకోవడానికి అడ్డమేముంది?

లింకుబండి
పెడతాను గానీ, వ్యాసం నిండా కోడ్‌లుంటే రివ్యూలాగా ఉండదు, కరపత్రంలాగా ఉంటుంది. సరే, ఇక్కడితో ఆపుతా.

రెట్టింపుదారి
ఫ్రెండ్స్, సింపుల్ ఐడియా. రెండంచెల కమీషన్ పెట్టండి. అఫిలియేట్ ఇంకో అఫిలియేట్‌ని చేర్పిస్తే వాడి అమ్మకాల మీద కూడా వీడికి 5 శాతం. అందరూ వాళ్లే జనాన్ని తెచ్చిపెడతారు. మీరు కూర్చుంటే చాలు.

లెక్కలపుస్తకం
పైన లెక్క చూశారా? మిగిలేదే అంతంతమాత్రం, అందులోంచి ఇంకో 5 ఎక్కడినుంచి తీయాలి? పైగా ఇలాంటిదాంట్లో జనం నోటుపుస్తకాలు అమ్మరు, సభ్యత్వాలు అమ్ముతారు.

వేదిక నిర్వాహకుడు
@రెట్టింపుదారి సంతకంలో పెట్టిన మీ రిఫరల్ లింకు తొలగించాను. ఇంకోసారి పెడితే ఖాతా ఆపేస్తాం. మిగతావాళ్లు కొనసాగించండి, చర్చ బాగుంది.

సిరాచుక్క
ఇప్పటిదాకా చెప్పినవన్నీ రాసుకున్నాను. ఇక మనుషుల సంగతి. ఫాలోవర్లు ఎక్కువున్న పెద్ద పేజీలు కొన్నిటికి మెసేజ్ పెట్టాం. ఒక్కరూ పలకలేదు. ఇద్దరు ముందు డబ్బు అడిగారు. సైటులో "మా అఫిలియేట్‌గా చేరండి" అని ఫారం పెట్టేస్తే వాళ్లే వస్తారా?

మేడమీదగది
ఇన్నాళ్లూ చదువుతూ ఊరుకున్నా. ఇక్కడ మాత్రం చెప్పాలి. నేను చేతితో చేసిన తోలు సామాన్ల షాపు నడుపుతాను. నా ప్రోగ్రాం చిన్నదే, బాగానే నడుస్తోంది.

తెరిచిన ఫారం పెట్టకండి. వచ్చేవాళ్లలో ఎక్కువమంది కూపన్ సైట్లు, ఎక్స్‌టెన్షన్లు, ఖాళీ బ్లాగులు. ఒక్కొక్కరినీ చూసి తిరస్కరించడమే ఒక ఉద్యోగం అవుతుంది. ఫారం పెట్టినా ఆటోమేటిక్‌గా ఆమోదించే ఆప్షన్ మాత్రం ఆపేయండి.

నాకు పనికొచ్చినవాళ్లు అప్పటికే నా దగ్గర కొన్నవాళ్లే. మీ ఆర్డర్ల లిస్టు తెరవండి. రెండు మూడుసార్లు కొన్నవాళ్లు ఎవరు? మీ నోటుపుస్తకం ఫోటో పెట్టి మిమ్మల్ని ట్యాగ్ చేసినవాళ్లు ఎవరు? ఇంకు రంగుల నమూనాలు రాసి పెట్టేవాళ్లు, కాలిగ్రఫీ నేర్పేవాళ్లు, డైరీ రాయడం గురించి వీడియోలు చేసేవాళ్లు మీ కొనుగోలుదార్లలోనే ఉంటారు. ఐదువందల మంది ఫాలోవర్లే ఉండొచ్చు, కానీ ఆ ఐదువందల మందికీ పెన్నుల పిచ్చి ఉంటుంది. పెద్ద పేజీల వెనకాల పడకండి.

మెసేజ్ కూడా అందరికీ ఒకటే అతికించి పంపొద్దు. నేను పంపేది దాదాపు ఇలా ఉంటుంది, కాపీ కొట్టుకోండి:

"నమస్తే అండీ. మా నీలం అట్ట నోటుపుస్తకంలో మీరు వేసిన ఇంకు నమూనాల పోస్టు చూశాను, చాలా నచ్చింది. కాగితం వెనక్కి ఇంకు దిగలేదని మీరు రాసింది మాకు పెద్ద మెచ్చుకోలు. మీకు ఇష్టమైతే మీ పేరు మీద ఒక లింకు, కోడ్ ఇస్తాం. దాంతో ఎవరైనా కొంటే నోటుపుస్తకాల మీద 12 శాతం మీది. బాగాలేనిది బాగుందని రాయమని అడగం. వద్దనుకుంటే ఏమీ అనుకోం, కొత్త కాగితం వచ్చినప్పుడు ఒకటి పంపిస్తాం."

చివరి వాక్యం రాస్తే నిజంగా పంపాలి సుమా.

సిరాచుక్క
ఇది చాలా బాగుంది మేడమ్. ఒకటి అడగొచ్చా, డబ్బు బదులు షాపులో వాడుకునే క్రెడిట్ ఇవ్వొచ్చా? కొనేవాళ్లే కదా వీళ్లు.

మేడమీదగది
రెండూ ఇవ్వండి, ఎంచుకోమనండి. నగదైతే 12 శాతం, క్రెడిట్ అయితే 18 శాతం. మీ తయారీ ఖర్చు ధరలో సగం అనుకుంటే 18 క్రెడిట్ మీకు 9 పడుతుంది, కొరియరు ఎలాగూ అవుతుంది. నా దగ్గర సగానికి పైగా క్రెడిటే తీసుకుంటారు. అయితే దాన్ని మీ సొంత సరుకుకే పరిమితం చేయండి. బయటి కంపెనీ పెన్నుల మీద క్రెడిట్ వాడుకుంటే చేతి డబ్బే పోతుంది.

లింకుబండి
ఎంచుకోమంటేనే. క్రెడిట్ ఒక్కటే అంటే నేను చేరను. కరెంటు బిల్లు నోటుపుస్తకాలతో కట్టలేను కదా.

లెక్కలపుస్తకం
చెల్లింపు ఎప్పుడన్నది కూడా. మీ రిటర్న్ గడువు ఎంత?

సిరాచుక్క
అందిన రోజునుంచి 15 రోజులు.

లెక్కలపుస్తకం
పార్సిలు చేరడానికి పది రోజులు పట్టొచ్చు. అంటే ఆర్డరు రోజునుంచి 25 రోజులదాకా ఆ కమీషన్ ఖాయం కాదు. రీఫండ్ డబ్బు కదలడానికి ఇంకొన్ని రోజులు. 40 లేదా 45 రోజులు ఆగి, ఆ తర్వాత వచ్చే నెల మొదటి వారంలో చెల్లించండి. "రిటర్న్, రద్దు అయిన ఆర్డర్లకి కమీషన్ ఉండదు" అని రాయండి. కనీస మొత్తం పెట్టండి గానీ మరీ పెద్దది పెట్టకండి. చిన్నవాళ్లు ఎప్పటికీ అందుకోలేని అంకె పెట్టడం ఒకరకంగా ఎగ్గొట్టడమే. పన్ను విషయం మాత్రం ఇక్కడ అడగకండి, మీ ఆడిటర్‌ని అడగండి. కమీషన్ చెల్లించేటప్పుడు పన్ను కోయాల్సిన దేశాలు ఉన్నాయి.

పాతకాపు
నిబంధనల్లో ఇంకా ఉండాల్సినవి చెప్తా, విసుక్కోకండి.

తన లింకు మీద తనే కొనుక్కోవడం కుదరదు. (మేడమీదగది గారి పద్ధతిలో కొనేవాళ్లే అఫిలియేట్లు కాబట్టి ఇది తప్పకుండా వస్తుంది. వాళ్లకి విడిగా చిన్న తగ్గింపు ఇచ్చేస్తే ఆ ఆశ పోతుంది.) గూగుల్‌లో మీ షాపు పేరు మీద ప్రకటనలు ఇవ్వకూడదు. మీ పేరు కొట్టి వెతికేవాడు ఎలాగూ మీ దగ్గరికే వస్తున్నాడు, మధ్యలో వీళ్లు అడ్డంపడి కమీషన్ తీసుకుంటారు. మీ పేరుకి ఒక అక్షరం అటూఇటుగా డొమైన్లు కొనకూడదు. నొక్కకుండానే కుకీ పెట్టే ట్రిక్కులు చేయకూడదు.

ఈ చివరిది చిన్న విషయం అనుకోకండి. తమ అఫిలియేట్లు ఇలా కుకీలు కుక్కుతున్నారని ఈబే 2008లో కోర్టుకెక్కింది. తర్వాత అది క్రిమినల్ కేసై, ఆ కంపెనీ పెద్ద అఫిలియేట్లలో ఇద్దరికి 2014లో జైలు శిక్ష పడింది. క్లిక్కులు వేలల్లో, ఆర్డర్లు ఒకటీ అరా కనిపిస్తే అనుమానించండి. చెల్లించేలోపు 45 రోజులు ఆగమన్నది ఇందుక్కూడా పనికొస్తుంది.

ఈ వ్యాపారం కొత్తదేం కాదు లెండి. సీడీలమ్మే సీడీనౌ 1994లోనే ఇలాంటిది పెట్టింది, అమెజాన్ 1996లో అసోసియేట్స్ మొదలుపెట్టింది. దొంగలు కూడా దాదాపు అప్పట్నుంచే ఉన్నారు.

లింకుబండి
ఒక్కటి కలుపుతా. అఫిలియేట్ "ఈ లింకు మీద కొంటే నాకు కమీషన్ వస్తుంది" అని కనపడేలా చెప్పాలి. పేజీ అడుగున చీమతలకాయంత అక్షరాల్లో కాదు, లింకు దగ్గరే. వీడియో అయితే నోటితో కూడా. చాలా దేశాల్లో ఇది నిబంధన, పట్టుబడితే రాసినవాళ్లతోపాటు షాపువాళ్లూ సమాధానం చెప్పుకోవాలి. బ్లాగుల్లో లింకు కోడులో స్పాన్సర్డ్ అనే గుర్తు కూడా పెట్టాలి, గూగుల్ 2019లో తెచ్చింది అది. నా అనుభవంలో కమీషన్ వస్తుందని చెప్పినందుకు పాఠకులు పారిపోలేదు. చెప్పకుండా దొరికిపోయినవాళ్ల దగ్గరనుంచి పారిపోయారు.

నైట్‌డ్యూటీ
ఇన్ని చేశాక కూడా, ఎలాగూ కొనేవాళ్లకే కమీషన్ కడుతున్నామేమో అని ఎలా తెలుస్తుంది?

మేడమీదగది
పూర్తిగా తెలియదు. నేను చూసేది, అఫిలియేట్ ద్వారా వచ్చిన ఆర్డర్లలో మొదటిసారి కొన్నవాళ్లు ఎంతమంది అని. ఒక అఫిలియేట్ తెచ్చినవాళ్లలో దాదాపు అందరూ నా పాత కస్టమర్లే అయితే ఆయన కొత్తవాళ్లని తేవట్లేదు, నా జనానికే డిస్కౌంటు పంచుతున్నాడు. అలాంటివాళ్లతో మాట్లాడి కోడ్‌ని కొత్తవాళ్లకే పరిమితం చేశాను. అందరికీ ముందే ఆ రూలు పెట్టలేదు. పెడితే లింకుబండి గారు ఊరుకోరు :)

లింకుబండి
ఊరుకోను. నేను పంపే మనిషి మీ దగ్గర రెండేళ్ల కిందట ఒక ఇంకుసీసా కొన్నాడో లేదో నాకేం తెలుసు?

సిరాచుక్క
అందరికీ థాంక్స్. మేం అనుకున్నది ఇదీ: నెట్‌వర్క్ వద్దు, సొంతంగానే. నోటుపుస్తకాలకి 12, ఇంకులకి 8, పెన్నులకి 3. కొనేవాళ్లకి 10 శాతం కాదు, 5 చాలు, అదీ పెన్నుల మీద ఉండదు. కుకీ 30 రోజులు, కోడ్ కొడితే కోడ్‌కే. మొదట మాకు బాగా తెలిసిన ఎనిమిది మంది కస్టమర్లకే మెసేజ్ పెడుతున్నాం. తెరిచే ముందు టెస్ట్ చేయాలంటే ఏమేం చూడాలి?

కోడ్‌కూలీ
మీ చెల్లెలు పేరుతో ఒక అఫిలియేట్ ఖాతా తెరవండి. ఐఫోనులో సఫారీ, మామూలు ఫోనులో క్రోమ్, ఇన్‌స్టాగ్రామ్ లోపలినుంచి, మూడు చోట్లా ఆ లింకు నొక్కి నిజంగా ఆర్డరు పెట్టండి, డబ్బు కట్టి. టెస్ట్ మోడ్‌లో అన్నీ బాగానే కనిపిస్తాయి, పేమెంట్ పేజీకి వెళ్లి తిరిగొచ్చేటప్పుడే తేడాలు బయటపడతాయి. ఇంకో ఆర్డరు లింకు లేకుండా కోడ్ ఒక్కటే కొట్టి. మరొకటి నోటుపుస్తకం, పెన్ను కలిపి, రెండు రేట్లూ సరిగ్గా పడుతున్నాయా అని. తర్వాత ఒకటి పూర్తిగా రద్దు చేయండి, ఒకదాంట్లో సగం వాపసు ఇవ్వండి. చివరిది ఎవరూ చూడరు, మీరు చూడండి.

సిరాచుక్క
చేశాం. లింకులు, కోడ్‌లు అన్నీ బాగున్నాయి. రద్దు చేసిన ఆర్డరుకి కమీషన్ పోయింది. కానీ రెండు వస్తువుల్లో ఒకటి వాపసు ఇచ్చినదానికి కమీషన్ మొత్తం అలాగే ఉండిపోయింది, తగ్గలేదు.

కోడ్‌కూలీ
అనుకున్నా. సెట్టింగ్స్‌లో పాక్షిక రీఫండ్‌కి విడిగా ఆప్షన్ ఉందేమో చూడండి. లేకపోతే చేత్తోనే సరిచేయాలి. నెలనెలా చెల్లించే ముందు వూకామర్స్‌లో రీఫండ్ అయిన ఆర్డర్లని వేరుచేసి, వాటి నంబర్లని అఫిలియేట్ లిస్టుతో సరిచూసుకోండి. ఎనిమిది మందే కాబట్టి పావుగంట పని. సరిచేసినప్పుడు ఆ ఎంట్రీ పక్కన కారణం కూడా రాయండి, "పెన్ను వాపసు వచ్చింది" అని. వాళ్ల డాష్‌బోర్డులో అంకె తగ్గితే మీకు మెయిలు పెట్టి అడగకముందే వాళ్లకి తెలియాలి.